పెదాలు కదిపితే చాలు

దోర్కా మాట్లాడటం మానేసిన మూడో రోజు పొద్దున, పెసరట్టు తుంచుకుంటూ బెంజమిన్ అన్నాడు: "ఇల్లు ఎంత నిమ్మళంగున్నదో సూడమ్మా."

అన్నది వాళ్లమ్మ లూర్దమ్మతో. పెనం ముందు నిలబడి ఇంకో అట్టు వేస్తున్న దోర్కా చెవిన కూడా పడింది. వెటకారంగా అని ఉంటే ఆమె పట్టించుకునేది కాదు. అతను కుర్చీలో వెనక్కి వాలి, భుజాలు వదులు చేసుకుని, నిజంగానే ప్రాణానికి హాయిగా ఉండి అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో తన భర్త ఆమె వంటను గానీ, పాటను గానీ అంత మనసారా మెచ్చుకున్న గుర్తు లేదు. మెచ్చుకోక మెచ్చుకోక మహానుభావుడు చివరికి ఆమె నోరు మూతబడినందుకు మెచ్చుకున్నాడు. దోర్కా అట్టు మీద ఉల్లిపాయ ముక్కలు చల్లి, అట్లకాడతో అదిమి, ఊరుకుంది. ఏమైనా అనడానికి వీల్లేదు కదా.

నోరు మూసుకోమన్నది మాత్రం అతను కాదు, డాక్టర్ బిందుమాధవి. ఉప్పల్ రింగు రోడ్డు మీద ఆమెకు చెవి ముక్కు గొంతు దవాఖానా ఉంది. సన్నటి గొట్టం లోపలికి దించి, దోర్కా గొంతును దోర్కాకే తెర మీద చూపించింది. ఇంతకాలం ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన గొంతు ఇంత చిన్నదా అని దోర్కాకు దాని మీద జాలేసింది.

"ఇవి కాయలు," అంది డాక్టర్. "గడ్డపార పట్టేవాళ్ల అరచేతుల్లో కాస్తాయే, అలాంటివే. వీటిని ఏళ్ల తరబడి మోస్తున్నారు మీరు. ఈ ఎర్రటి చార మాత్రం కొత్తది. లోపల చిన్న రక్తనాళం చిట్లింది. ఏదీ, మీ మామూలు గొంతులో మెల్లగా ఒక్కసారి 'ఆ' అనండి."

దోర్కా నోరు తెరిచి ఆగిపోయింది. మామూలు గొంతంటే ఏది? పెళ్లి బరాత్‌ల్లో పాడే జానపదానికి ఒక గొంతు ఉంది, ఛాతీలోంచి బొంగురుగా వచ్చేది. సినిమా డ్యూయెట్లకు మెత్తటి గొంతు వేరే. ఐటెం పాటకు ముక్కుతో నవ్వే గొంతు. కంపెనీల పార్టీల్లో ఇంగ్లీషు పాప్ పాటలకు గాలి ఎక్కువ, స్వరం తక్కువ ఉండేది ఇంకొకటి. వీటిలో దేన్ని బయటికి తియ్యాలో తెలియక ఆమె తికమకపడుతుంటే, పక్క కుర్చీలోంచి బెంజమిన్ అందుకున్నాడు.

"ఆమె అన్ని గొంతులల్ల పాడుతది మేడం. మస్తు వర్సటైల్. ఏ సింగర్ కావాల్నో చెప్పున్రి, సేమ్ టు సేమ్ దించుతది."

డాక్టర్ నవ్వలేదు. "జబ్బు అదే," అంది. తర్వాత దోర్కా వైపే చూసి చెప్పింది. "క్రిస్మస్ అయ్యేదాకా ఒక్క మాట కూడా వద్దు. గుసగుస అసలే వద్దు, అది ఇంకా చేటు. పండుగ కాగానే రండి. గొంతుకు మళ్లీ మొదటి నుంచీ నేర్పించుకోవాలి. నెలలు పడుతుంది. శ్రద్ధగా చేస్తే ఒక గొంతు తిరిగొస్తుంది, మీ సొంతది. వేరేవాళ్ల గొంతులు ఇక పెట్టకూడదు. ఈలోపు పాడారంటే ఆ ఒక్కటి కూడా దక్కదు."

దోర్కా తల ఊపింది. ఆ ఒక్కటి ఎలా ఉంటుందో ఆమెకు గుర్తు లేదన్న సంగతి డాక్టరుకు చెప్పుకోవడానికి అప్పటికే మాట్లాడే అనుమతి అయిపోయింది.

ఆమె పుట్టి పెరిగింది నాచారంలో, మందుల ఫ్యాక్టరీల వెనక. తండ్రి జ్ఞానయ్య జనగాం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఒక కంపెనీలో చేరి, రిటైరయ్యేదాకా నైట్ డ్యూటీలే చేశాడు. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి, ఒంటికి అంటిన మందుల వాసన పోకముందే రేకుల చర్చికి వచ్చి, నిద్ర ఆపుకుంటూ కూతురి పాట వినేవాడు. ఆ చర్చికి కీబోర్డు వాయించడానికి వచ్చాడు బెంజమిన్. పిల్ల పాటకు పడిపోయాడని అందరూ అనుకున్నారు. అబద్ధం కూడా కాదు. పెళ్లయిన కొత్తలోనే ఆర్కెస్ట్రా పెట్టాడు. మొదటి బ్యానర్ కొట్టించేటప్పుడే ఆమె పేరు మార్చాడు. "దోర్కా అంటె పెండ్లిల్లకు ఎవరు పిలుస్తరే? దీప అని పెడుదాం. అందరి దగ్గర నడుస్తది," అన్నాడు.

నడిచింది. దీప గణేశ్ మండపాల్లో భజన పాడింది, బతుకమ్మకు పాడింది, బోనాలకు పాడింది, మల్కాజిగిరిలో ఒక వలీమా పెళ్లి విందులో ఉర్దూ గజల్ పాడి పెద్దవాళ్ల చేత వహ్వా అనిపించుకుంది. ఆఫీసు కుర్రాళ్లు అడిగిన ఇంగ్లీషు పాట మధ్యాహ్నం విని సాయంత్రానికి పాడేసింది. ఏ పాటకు ఆ మనిషి అయిపోయేది. జనం కళ్లు మూసుకుని విని, "అచ్చం ఒరిజినలే" అనేవాళ్లు. మొదట్లో ఆ మాటకు ఆమె పొంగిపోయేది. అచ్చం ఒరిజినల్ అంటే ఒరిజినల్ కాదనే కదా అని తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. తట్టాక ఎవరితో అంటే వాళ్లు నవ్వుతారనిపించి, ఎవరితోనూ అనలేదు.

యూట్యూబ్‌లో జానపద పాటల కాలం వచ్చాక బెంజమిన్ ఇంటి ముందు గదిలోనే స్టూడియో పెట్టాడు. ఉప్పల్ డిపో వెనక గల్లీలో వాళ్ల ఇల్లు. బస్సుల చప్పుడు లోపలికి రాకుండా కిటికీలకు పరుపులు కట్టి, వంట అయ్యాక కుక్కర్ చల్లారేలోపు ఆమె చేత పాడించుకునేవాడు. అలా పాడిన పాట ఒకటి ఊరూ వాడా మోగిపోయింది. తెర మీద మాత్రం వేరే అమ్మాయి, పసుపు లంగా ఓణీలో, దోర్కా గొంతుకు పెదాలు కదుపుతూ గంతులు వేసింది. "ఆ పోరి ముఖం, నీ గొంతు, కాంబినేషన్ అదిరింది," అన్నాడు బెంజమిన్. "నీకు ముప్పై దాటినయి, స్క్రీన్ మీద నిన్నెవరు సూస్తరే." ఆ తర్వాత బోడుప్పల్‌లో ఒక బట్టల దుకాణం ఓపెనింగ్‌కు ఆ అమ్మాయిని రిబ్బన్ కట్ చెయ్యడానికి పిలిచారు. దోర్కాను కూడా పిలిచారు, స్టేజీ వెనక నిలబడి పాడటానికి. తెర చాటున, జనరేటర్ పక్కన, పొగ మింగుతూ పాడింది. అవతల జనం ఆ అమ్మాయి పేరు పెట్టి అరుస్తుంటే, చప్పట్లలో తన వంతు ఎంతో విడదీసుకోవాలని చూసింది గానీ కుదరలేదు.

గొంతు చెడింది కూడా ఆ పాటతోనే. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది. అది ఒక్కసారి నొక్కితే పాట మొత్తం కొంచెం పై శ్రుతికి పోతుంది. వాయించేవాడికి ఏ తేడా లేదు, వేళ్లు పాత చోటే ఆడతాయి. ఎక్కాల్సింది పాడేదాని గొంతు. బెంజమిన్‌కు ఆ బటన్ అంటే మహా ప్రీతి. "జర ఊపొస్తది," అని నొక్కేవాడు. మొన్న కార్తీకంలో ఒక సంగీత్ ఫంక్షన్‌లో పెళ్లికొడుకు స్నేహితులు వన్స్ మోర్ అన్నారు, మళ్లీ వన్స్ మోర్ అన్నారు, అన్న ప్రతిసారీ అతను నొక్కాడు. ఆఖరిసారి చరణం మధ్యలో లోపల ఏదో పుటుక్కుమని, నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. బెంజమిన్ చటుక్కున కీబోర్డు మీద ఆ ముక్క వాయించి కప్పేశాడు. పాటలో అది కూడా ఒక వరస అనుకుని జనం ఈలలు వేశారు. ఇంటికి వచ్చేటప్పుడు వ్యాన్‌లో అడిగాడు: "గంత గట్టిగ ఎవరు పాడమన్నరు నిన్ను?"

ఇప్పుడు మౌనం. మాట పోతే పని తగ్గుతుందని ఎవరైనా అనుకుంటే వాళ్లు ఎన్నడూ ఇల్లు నడిపినవాళ్లు కాదు. ఇంతకుముందు వంటింట్లోంచి ఒక్క కేక వేస్తే కూతురు గీతిక మోటర్ ఆపేది. ఇప్పుడు చెయ్యి కడుక్కుని, వరండా దాటి వెళ్లి తానే ఆపాలి. కూరగాయలవాడు పుచ్చు వంకాయలు వేస్తుంటే వద్దనలేదు. గ్యాస్ అబ్బాయి ఫోన్ చేస్తే ఎత్తలేదు కాబట్టి బండ వెనక్కి వెళ్లిపోయింది, దానికి లూర్దమ్మ చేత మాట పడింది. కొడుకు స్టూడియోకు ఎవరో వస్తే చాయ్ పెట్టమని చెప్పడానికి లూర్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, కోడలు లేవడం కొంచెం ఆలస్యమైతే అనేది: "నోరు లేకుంటేంది, చేతులున్నయి గద."

ఆ అత్తే ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఎవరితో అంటున్నదో తెలియనట్టు అన్నది. "గీ జరన్ని దినాలకే గింత పరేశానా? మా అత్త ముందల నేను ఏడేండ్లు నోరు తెరవలే. నాకు ఏ డాక్టరు జెప్పిండు?" దోర్కా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆ ముసలామె ముఖంలో కోపం లేదు, దెప్పడం కూడా లేదు. లెక్కకు రాని ఒక సంగతి చెప్పినట్టు చెప్పి, ఈనెలు ఎత్తుకుని లేచి వెళ్లింది. దోర్కాకు ఆ పూట అత్త మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది, చెప్పడానికి గొంతు లేదు.

గీతిక మాత్రం తల్లి ఫోన్‌లో ఏదో యాప్ ఎక్కించింది. టైపు చేస్తే ఫోన్ చదువుతుంది. టీవీ వార్తల ఆవిడ లాంటి గొంతు, "కూర అయినది. భోజనమునకు రండి" అంటుంది. రెండు రోజులు ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. దోర్కా కూడా చప్పుడు లేకుండా నవ్వింది. మూడో రోజు జడ వేయించుకుంటూ గీతిక అడిగింది.

"మమ్మీ, నీకు మళ్ల గొంతొచ్చినంక నాతోని మాట్లాడే గొంతే వస్తదా? ఏమో, నాకు నీ గొంతు మర్సిపోతున్న అనిపిస్తుంది."

దోర్కా జడ అల్లుతూనే ఉంది. కూతురితో ఇన్నేళ్లూ మాట్లాడింది ఏ గొంతుతో? తెమలమనీ తినమనీ తొందరపెట్టే గొంతు, ప్రోగ్రాముకు వ్యాన్ వచ్చిందని పరుగెత్తే గొంతు. అది కూడా ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. పిల్ల బడికి వెళ్లాక స్నానాల గదిలో కుళాయి విప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఒక్క స్వరం, ఒకే ఒక్కటి పలికి చూసుకుందామని నోరు తెరిచింది. ఛాతీ నిండా గాలి పీల్చుకుంది కూడా. మళ్లీ వదిలేసింది. పాడితే అది కూడా దక్కదన్నారు. ఎలా ఉంటుందో తెలియని దాని కోసం కూడా ఇంత ఆశగా ఉంటుందని ఆమె ఎరగదు.

డిసెంబర్ వచ్చింది. క్రిస్మస్ కంటే ముందు సెమీ క్రిస్మస్‌లు వస్తాయి. చర్చికి ఒకటి, అపార్ట్‌మెంటుకు ఒకటి, ఆఫీసుకు ఒకటి, అందరూ కేకు కోసి పాటలు పెట్టించుకుంటారు. ఆర్కెస్ట్రా వాళ్లు ఏడాది తిండి ఆ నెలలోనే సంపాదించుకోవాలి. బెంజమిన్ నాలుగు రోజులు తల పట్టుకుని తిరిగాడు. తబలా అతనికీ, ప్యాడ్స్ వాయించే అతనికీ ఏం చెప్పాలో అతనికి నిజంగానే తెలియలేదు. ఐదో రోజు ముఖం వెలిగిపోతూ వంటింట్లోకి వచ్చాడు.

"నిన్ను పాడమంటలేను. ఇన్నేండ్ల రికార్డింగులున్నయి మన దగ్గర. గొంతుతోని సహా ప్లస్ ట్రాక్ పెడ్త. నువ్వు మైకు పట్టుకోని నిలవడు. పెదాలు కదిపితే చాలు. డాక్టరమ్మ మాట దాటినట్టు గూడ గాదు."

దోర్కా తడి చేతులు తుడుచుకుని ఫోన్‌లో టైపు చేసింది. వార్తల ఆవిడ చదివింది: "జనాన్ని మోసం చేసినట్టు కాదా?"

"గొంతు నీదే, పాట నీదే. మోసమేంది గిండ్ల?" అన్నాడు బెంజమిన్. ఆమె ఇంకో వాక్యం టైపు చేసేలోపు అతను ఫోన్ మాట్లాడుతూ ముందు గదిలోకి వెళ్లిపోయాడు. టైపు చేసేవాళ్లు ఎప్పుడూ వాదనలో వెనకబడతారు. ఆమె రాసిన వాక్యం తుడిపేసింది.

మొదటిది ఉప్పల్‌లోనే, ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో. ఆదివారం మధ్యాహ్నం. దోర్కా జరీ చీర కట్టుకుని, ముఖానికి రంగు వేసుకుని, వైరు తగిలించని చచ్చిన మైకు పట్టుకుని నిలబడింది. స్పీకర్‌లోంచి తన గొంతు వచ్చింది, అంటే తను దించిన ఎవరి గొంతో వచ్చింది. పెదాలు కదిపింది. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ కళ్లు మూసుకోవాలో ఒంటికే తెలుసు. ఒక్కరూ కనిపెట్టలేదు. కనిపెడితే బాగుండునని ఆమెకు లోపల్లోపల ఉంది. చివర్లో ఒక పెద్దావిడ వచ్చి చేతులు పట్టుకుని, "సీడీ పెట్టినట్టే పాడినవమ్మా, దేవుడు నీ గొంతు సల్లగుంచాలె" అంది. దోర్కా నవ్వి తల వంచింది. ఆవిడ చేతులు అలా పట్టుకునే ఉంటే కన్నీళ్లు ఆగేటట్టు లేవని మెల్లగా విడిపించుకుంది.

వ్యాన్‌లో బెంజమిన్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. స్టీరింగ్ మీద దరువు వేస్తూ చెప్పుకుపోయాడు. "ఇగ ఏం ఫికర్ లేదే. పండుగైనంక డాక్టర్ కాడికి పోవుడు గూడ అక్కర్లేదు, నేను ఫోన్ జేసి చెప్పిన. నెలలు నెలలు తిరగాలె, ఆఖరికి ఒక్క గొంతొస్తదంట. నీ సొంత గొంతు ఎవలకు గావాలె? జనం ఒరిజినల్ అడుగుతరు. హార్డ్‌డిస్క్‌ల అన్ని గొంతులున్నయి. నువ్వు జర మంచిగ తయారై నిలవడు, సాలు."

అది తిట్టు కాదు. భార్య కష్టం తప్పించాననే సంబరంతో అన్నాడు. అందుకే దోర్కాకు కోపం కూడా రాలేదు, ఏడుపు వచ్చింది. కిటికీ వైపు తిరిగి రోడ్డు చూసింది. ఇన్నాళ్లూ పసుపు లంగా ఓణీ అమ్మాయి తన గొంతుకు పెదాలు కదిపింది. ఇప్పుడు ఆ అమ్మాయి పని కూడా తనకే వచ్చింది. బతికి ఉండగానే తను పాడటం అయిపోయిందని, మిగిలింది నిలబడటమేనని, ఆ సంగతి ఇంట్లో ఒకరు తేల్చేసి ఫోన్ కూడా చేసేశారని ఆమెకు అర్థమైంది. డాక్టర్ నంబరు తన దగ్గర లేకపోలేదు. కానీ టైపు చెయ్యబోతే వేలు ఆగిపోయేది. ఏ గొంతు కోసం ఇంత పట్టుబడుతున్నావని అతను అడిగితే చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

తర్వాతి ఆదివారం సాయంత్రం నాచారం రేకుల చర్చిలో సెమీ క్రిస్మస్. అక్కడ పెద్దలు ఒకే ఒక పాట కోరారు, జ్ఞానయ్య రాసిన పాట. అతను ఒక నైట్ డ్యూటీలో, మిషన్ పక్కన కూర్చుని కట్టిన పాట అది. యేసు పుట్టిన కబురు దేవదూత మొదట చెప్పింది రాత్రి డ్యూటీలో మేలుకుని ఉన్న గొర్రెల కాపరులకే అని అందులోని మాట. నాచారంలో సగం మంది నైట్ డ్యూటీ వాళ్లే కాబట్టి ఆ చర్చిలో అది అందరి పాట. పెళ్లికి ముందు ఏడాది చర్చివాళ్లు సీడీ తీస్తే దోర్కా పాడింది. ఆ సీడీ మామ జ్ఞానయ్య దగ్గర దొరికిందని, దాన్నే ట్రాక్ చేశానని బెంజమిన్ చెప్పాడు. ఆ పాట ఆమె మళ్లీ వినలేదు. ఆ ఇంట్లో పాతవి పెట్టుకుని వినే తీరిక ఎవరికుంది?

చర్చి గుమ్మంలో జ్ఞానయ్య ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బైబిలు. కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"ఒక్క పాటకు డాక్టరు ఒప్పుకున్నదట గద బిడ్డా. అల్లుడు జెప్పిండు. జర మెల్లగ పాడు. శ్రుతి పెంచనియ్యకు, అది నువ్వు పాడిన శ్రుతిల్నే ఉండాలె."

దోర్కా బెంజమిన్ వైపు చూసింది. అతను వైర్లు సర్దుతూ ఇటు చూడలేదు. తండ్రికి ఎలా చెప్పడమా అని ఫోన్ కోసం సంచిలో చెయ్యి పెట్టేలోపే పాస్టరు మైకులో ఆమె పేరు పిలిచాడు. ఇక్కడ దీప అనరు. దోర్కా అన్నారు.

స్టేజీ అంటే మూలకు వేసిన చెక్క బల్లలు. ఆమె ఎక్కి మైకు పట్టుకుంది. ముందు వరసలో జ్ఞానయ్య, ఆడవాళ్ల వైపు లూర్దమ్మ, గీతిక. బెంజమిన్ కీబోర్డు ముందు నిలబడి ట్రాక్ వదిలి, వాయిస్తున్నట్టు వేళ్లు ఆడించడం మొదలుపెట్టాడు. డప్పు చిన్నగా మోగింది. తర్వాత ఎవరో ఊపిరి తీసుకోవడం స్పీకర్‌లో వినిపించింది.

"రాత్రి డ్యూటీ గొర్లకాపరీ, రా లెమ్మని పిలిసెనే,
మేలుకున్న కండ్లకే మొదటి మాట దెలిసెనే..."

దోర్కా పెదాలు అలవాటుగా కదిలాయి. చెవులు మాత్రం ఆ గొంతు దగ్గరే ఆగిపోయాయి. పల్చటి గొంతు, అంచుల్లో కొంచెం వణుకు, పై స్వరం అందుకోబోయే ముందు చిన్న జంకు. పిలిసెనే, దెలిసెనే అని అచ్చం ఇంట్లో మాట్లాడినట్టే పాడుతోంది. ఎవరినీ దించడం లేదు. ఎవరిలా ఉందని వెతికితే ఎవరిలాగా లేదు. ఈ పిల్ల తనేనా? ఇంత బాగా పాడేదా? మరి ఆ మాట తనతో ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు? ముందు వరసలో జ్ఞానయ్య కళ్లు మూసుకుని తన పాటతో పాటు పెదాలు కదుపుతున్నాడు. అతని పెదాలు నిజంగా పాడుతున్నాయి. అతను కళ్లు తెరిస్తే కనిపించేది తన దొంగ పెదాలు. లోకంలో ఎవరిని మోసం చేసినా ఈ మనిషిని, ఈ పాటతో, చెయ్యడం ఆమె వల్ల కాలేదు.

దోర్కా నోరు మూసేసింది. పాట ఆగలేదు. మైకును స్టాండులో పెట్టింది. చెంగు పట్టుకుని బల్లల మీంచి దిగి, తండ్రి పక్కన ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

చర్చిలో గుసగుసలు లేచాయి. కొందరు స్టేజీని, కొందరు స్పీకర్‌ను, కొందరు ఆమెను చూశారు. ఎవరో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. లూర్దమ్మ సగం లేచి, కోడలి ముఖం చూసి, మళ్లీ కూర్చుంది. జ్ఞానయ్య కళ్లు తెరిచాడు. పక్కన కూతురు, ఎదురుగా ఆమె గొంతు. అంతా అర్థమై, ఆమె చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

రెండో చరణం వచ్చింది. దోర్కాకు కన్నీళ్లు ఆగడం లేదు. తుడుచుకోలేదు కూడా. ఇన్నేళ్లూ వంద మందిని దించుకుంటూ పోయి, ఈ ఒక్క పిల్లను వెనక వదిలేసి వచ్చింది. ఆ పిల్ల ఇక్కడే, ఈ రేకుల కిందే పాడుతూ ఉండిపోయింది. మళ్లీ అచ్చం ఇదే గొంతు దొరుకుతుందో లేదో డాక్టరుకే తెలియదు. పండుగ కాగానే బిందుమాధవి దగ్గరికి తానే వెళ్తుంది. వస్తే ఈ గొంతే రావాలి. రాకపోతే రాలేదని ఏడుస్తుంది, అంతే. ఇంకొకరి గొంతు మాత్రం ఇక పెట్టదు, ఎవరి గొంతుకూ పెదాలు కదపదు.

బెంజమిన్ కీబోర్డు మీంచి చేతులు తీసి గబగబా దిగి వచ్చాడు. అతను చేతులు తీసినా కీబోర్డు మోగుతూనే ఉంది. అది చూసి వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. అతని ముఖం మాడిపోయింది. కుర్చీ మీదికి వంగి, పళ్ల బిగువున అన్నాడు:

"ఏం జేస్తున్నవే? అందరు సూస్తున్రు. ఇజ్జత్ తీస్తున్నవ్. లే, లేసి ఎక్కు."

దోర్కా తల తిప్పి అతన్ని చూసింది. పెదాల మీద వేలు పెట్టి, మాట్లాడవద్దని సైగ చేసింది. అక్కడ దోర్కా పాడుతోంది.